వార్త వ్రాయు విధము

పొరుగూరినుండి ఒకడు రొప్పుచు వచ్చి “చెరువు తెగినది!” అని చెప్పెననుకొనుడు. రచ్చబండమీద కూర్చున్నవారు ఊరకుండరు. ఏ చెరువు? ఎప్పుడు తెగినది? గండి ఎంత వెడల్పు? ఎవరైనను కొట్టుకొనిపోయిరా? కట్ట ఎందువలన తెగినది? అని వరుసగా అడుగుదురు. తుదకు వారిలో నొక వృద్ధుడు, “అది సరే, నాయనా! నీవు కన్నులార చూచితివా, ఎవరైన చెప్పగా వింటివా?” అని ప్రశ్నించును.

విద్యార్థులారా! వార్తారచన యనగా ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే. ఏమి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎట్లు అను ఆరు ప్రశ్నలను పత్రికారచన నేర్పువారందరును చెప్పుదురు. వృద్ధుడడిగిన ఏడవ ప్రశ్నను నేను వాని కన్నిటికిని పైన నుంచెదను. “నీకెట్లు తెలిసినది?” అను దానికి జవాబు లేనిది వార్త కాదు, వదంతి.

వదంతివలన కలుగు కీడు చిన్నది కాదు. 2018వ సంవత్సరము మే నెలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములందు, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్ సందేశములు సెల్‌ఫోనులలో వ్యాపించినవి. వానితోపాటు ఎక్కడివో, ఎప్పటివో తెలియని చిత్రములును వచ్చినవి. జనులు భయపడిరి. రాత్రులందు కఱ్ఱలు పట్టుకొని కావలి కాచిరి. దారి తప్పి వచ్చినవారిని, భాష తెలియనివారిని, బిచ్చమెత్తుకొనువారిని దొంగలని తలచి కొట్టిరి. ఆ దెబ్బలకు కొందరు నిరపరాధులు మరణించిరి. ఆ సందేశములను మన ప్రశ్నలతో పరీక్షించి చూడుడు. ఎవరి బిడ్డ నెత్తుకొనిపోయిరి? ఏ ఊరిలో? ఏ దినమున? ఏ పోలీసు ఠాణాలో ఫిర్యాదు నమోదైనది? ఒక్కదానికిని జవాబు లేదు. పంపినవానిని “నీకెట్లు తెలిసినది?” అని యడిగిన, మరియొకరు పంపిరనియే చెప్పును. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు గ్రామగ్రామమునకు పోయి, డప్పు వాయించు జానపద కళాకారులచేత పాటలు పాడించి, సందేశమును నమ్ముటకు ముందు నిజము విచారింపుడని ప్రజలకు బోధించిరి. విలేకరి నిత్యము చేయవలసిన పనియు అదియే.

ఇక చెరువు సంగతికి వత్తము. ఆ వార్తను మీ పాఠశాల గోడపత్రికకు మీరే వ్రాయవలసియున్నదనుకొనుడు. మొదట పెద్దవారి నెవరినైన తోడు తీసికొని చెరువునొద్దకు పోవలెను. ఇంట కూర్చుండి వ్రాయరాదు. గండి వెడల్పును దూరమునుండియే అడుగులలో అంచనా వేయుడు. అంచనా యనియే వ్రాయుడు. నీటిని కనిపెట్టియుండు నీరటికాడు అందరికంటె ముందు చూచినవాడు గనుక, మొదట నీరు ఏ చోట ఊరెనో, అప్పుడు వేళ యెంతయో అతని నడుగుడు. ఆయకట్టు రైతులను, నీటిపారుదల శాఖ ఇంజనీరును కూడ అడుగుడు. వారు చెప్పిన మాటలను అక్కడనే చిన్న పుస్తకములో వ్రాసికొనవలెను. ఇంటికి వచ్చిన పిదప జ్ఞాపకమునుండి వ్రాసిన మాటలలో సగము మన మాటలే యగును.

ఒక రైతు నూరు ఎకరములు మునిగినవనును. రెవెన్యూ ఉద్యోగి నలువది యనును. మీరేది వ్రాయుదురు? రెండును గూడి సగము చేసి డెబ్బది యని వ్రాసిన విద్యార్థిని నేనెరుగుదును. లెక్కలలో అది సగటు. వార్తలో అది ఎవరును చెప్పని మాట. రైతు చెప్పినది రైతు పేరనే, ఉద్యోగి చెప్పినది ఉద్యోగి పేరనే వ్రాయుడు. లెక్క తరువాత మారిన, మారినదని మరునాడు వ్రాయవచ్చును. 1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమను ఉప్పెన ముంచినపుడు టెలిఫోను, తంతి మార్గములు తెగిపోయి, త్రోవలు మూసికొనిపోయి, బయటివారికి జరిగిన దారుణము వెంటనే తెలియలేదు. మొదట వందలలో చెప్పబడిన మృతుల సంఖ్య దినదినము పెరిగి, తుదకు ప్రభుత్వ లెక్కలలోనే పదివేల వరకు పోయినది. అట్టి వేళలందు ఏ దినమున ఎవరు చెప్పిన లెక్కయో వార్తలో లేకున్న, చదువరికి ఏ యంకెను నమ్మవలెనో తెలియదు.

ఇంతలో చెరువు కట్టమీద ఒకరు “గుత్తదారు డబ్బు తిని తూము బాగుచేయలేదు, అందువలననే తెగినది” అనును. ఇచ్చట మిక్కిలి జాగరూకతతో నుండవలెను. ఆ మాట నిజమైన ఊరికి తెలియవలసినదే. అబద్ధమైనచో ఒక మనుష్యుని పరువు పోవును. మరునాటి సవరణ అతనికి దానిని తిరిగి తెచ్చియియ్యజాలదు. కనుక మాట చెప్పినవారి పేరు అడుగుడు. మరమ్మతు కాగితములు చూపుమని పంచాయతీ కార్యాలయములో అడుగుడు. గుత్తదారును కలిసికొని అతని సమాధానమును అంతే శ్రద్ధతో వ్రాసికొనుడు. ఆధారము దొరకకున్న ఆ మాటను విడిచిపెట్టవలెను.

పేర్ల విషయమున మన దేశమున ఒక చిక్కు కలదు. ఒక ఊరిలో సుబ్బారావులు నలుగురుందురు. ఇంటిపేరు లేక ఉత్త సుబ్బారావు అని వ్రాసినచో నింద నలుగురిమీదను పడును. ఇంటిపేరు, వృత్తి, అవసరమైన తండ్రిపేరు అడిగి, ఒక్కొక్క అక్షరము సరిచూచుకొనవలెను.

వ్రాయుట యెట్లు? హరికథ చెప్పు దాసుగారు అసలు సంగతిని దాచి దాచి కడపట చెప్పుదురు. అది కథకు శోభ. వార్తకు అది పనికిరాదు. ముఖ్యమైనది మొదటి వాక్యముననే యుండవలెను. చోటు చాలనపుడు ఉపసంపాదకుడు చివరి పేరాలను కొట్టివేయును గనుక, అచ్చట ముఖ్యాంశమును దాచినవాని వార్తలో ముఖ్యాంశమే పోవును. తంతిమూలమున వార్తలు పంపు కాలమున మాటకింత యని రుసుము చెల్లించవలసియుండెను గనుక విలేకరులు పొదుపుగా వ్రాయ నేర్చిరి. మన దేశమున ఆ తంతిసేవ 2013 జూలైలో నిలిచిపోయినను, అది నేర్పిన పొదుపు నిలిచియున్నది.

అయితే తెలుగున ఒక విశేషము గలదు. 1914లో ఆంధ్రపత్రిక మద్రాసున దినపత్రికగా వెలువడిన నాటినుండి తెలుగు పత్రికలవారు ఆంగ్లములో వచ్చు వార్తలను తెనిగించుచునే యున్నారు. ఆంగ్లమున క్రియ కర్త వెంటనే వచ్చును. మనకు వాక్యాంతమున వచ్చును. ఆరు ప్రశ్నల జవాబులను ఒకే వాక్యమున కుక్కినచో ఏమి జరుగునో చూడుడు: “నిన్న తెల్లవారుజామున, మూడు దినములుగా ఎడతెగక కురిసిన వర్షమువలన నీటిమట్టము పెరుగగా, మరమ్మతు లేని తూమునొద్ద, నలువది ఎకరముల వరి మునుగునట్లు, మన ఊరి పెద్దచెరువు కట్టకు గండి పడినది.” చదువరి ఊపిరి బిగబట్టి క్రియకొరకు వెదకవలసివచ్చినది. ఇంతకంటె పెద్ద దోషము ఇందులో దాగియున్నది. “మరమ్మతు లేని” యన్నది ఎవరి మాట? విశేషణము చాటున నొక నేరారోపణ, చెప్పినవాని పేరు లేకుండ, లోపలికి వచ్చినది. ఇట్లు వ్రాసిన బాగుండును: “మన ఊరి పెద్దచెరువు కట్టకు నిన్న తెల్లవారుజామున గండి పడినది. ప్రాణనష్టము లేదు. నలువది ఎకరముల వరి మునిగినదని రెవెన్యూ ఉద్యోగులు చెప్పిరి.” వర్షము, తూము, రైతుల మాట తరువాతి వాక్యములలో రావచ్చును.

మన భాషలో కర్తను చెప్పకయే వాక్యము ముగింపవచ్చును. “గుడిసె పీకివేసిరి” అన్న వ్యాకరణదోషము లేదు. పీకినవారెవరు? “గోడ కూల్చబడినది” అన్నను అంతే. ఆ గోడ ఎవరి చేయియు తగులకయే కూలినట్లున్నది. వ్యాసములు దిద్దునపుడు పండితుడు ఇట్టి వాక్యమును దాటిపోవచ్చును గాని, వార్త దిద్దువాడు దాటరాదు. నేటి పత్రికలు వాడుకభాషలో వెలువడుచున్నవి, మీరును గోడపత్రికకు ఆ భాషలోనే వ్రాయుడు. కర్తను మాత్రము ఏ భాషలోను దాచకుడు.

సభావార్తలలో “అశేష ప్రజానీకము” హాజరగుట మనవారికొక ఆచారము. శేషములేనంతమంది వచ్చినచో ఊరిలో ఇండ్లకు కాపలా ఎవరుండిరో తెలియదు! కుర్చీలు లెక్కపెట్టి మూడువందలని వ్రాయుడు. శీర్షిక కడపట పెట్టవలెను. వార్తలో లేనిది శీర్షికలో నుండరాదు.

వ్రాయుట ముగిసిన పిదప, చెరువునొద్దకు రాని స్నేహితునొకని పిలిచి వార్తను బిగ్గరగా చదివి వినిపింపుడు. అతడు వినుచు ఏ ప్రశ్న లడుగునో కాగితము అంచున గురుతు పెట్టుకొనుడు. వానికి జవాబులు మీ చిన్న పుస్తకములో దొరికిన వార్తలో చేర్పుడు. దొరకకున్న, గోడపత్రిక అంటించుటకు ముందే మరల చెరువునొద్దకు పోయి అడిగి రావలసియుండును.