లండన్ నగర సందర్శనం

ఉద్దేశం: విదేశీ మహానగరాన్ని వివేకంతో, సంసిద్ధతతో దర్శించే విధానాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

దేశాటనం జ్ఞానార్జనకు సాధనమని పెద్దలు చెబుతారు. కన్ను చూసినదానిని మనస్సు గుర్తించినప్పుడే ఆ సాధనం ఫలిస్తుంది. ఏమీ తెలుసుకోకుండా వెళ్ళినవానికి ఎంత గొప్ప నగరమైనా రాళ్ళ గుట్టగానే కనిపిస్తుంది. థేమ్స్ నదీతీరాన సుమారు రెండు వేల సంవత్సరాల క్రితం రోమనులు స్థాపించిన లండన్ నగరం ఇందుకు చక్కని నిదర్శనం.

భారతీయ యాత్రికులకు లండన్ చిరపరిచితం. తెలుగు మహిళ పోతం జానకమ్మ రాఘవయ్య ఓడ ప్రయాణాల కాలంలోనే ఇంగ్లండును దర్శించారు. ఆమె యాత్రానుభవాలు 1876లో మద్రాసులో ఆంగ్ల గ్రంథంగా వెలువడ్డాయి. 1888లో న్యాయశాస్త్ర విద్యార్థిగా అక్కడ అడుగుపెట్టిన గాంధీజీ మొదట్లో శాకాహారం దొరకక అలమటించారు. భోజనశాలను వెదుకుతూ రోజుకు పది, పన్నెండు మైళ్ళు నడిచి, చివరకు ఫారింగ్‌డన్ వీధిలో దానిని కనుగొన్నట్లు ఆత్మకథలో తెలిపారు. నేడు ఆ ఇబ్బంది లేదు. శాకాహారం నగరమంతటా లభిస్తుంది. కాని గాంధీజీ ఎంచుకొన్న నడక మాత్రం నేటికీ నగర దర్శనానికి ఉత్తమ మార్గం.

లండన్ భూగర్భ రైలు ప్రపంచంలోనే మొదటిది. అది 1863 జనవరి 10న ప్రారంభమైంది. హారీ బెక్ రూపొందించగా 1933లో వెలువడిన దాని పటం జగత్ప్రసిద్ధం. రైలు మారవలసిన చోటును ఆ పటం స్పష్టంగా చూపుతుంది, దూరాలను మాత్రం చూపదు. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం 300 మీటర్ల లోపే. ఇది తెలియని యాత్రికుడు ఆ కాస్త దూరానికీ రైలెక్కి డబ్బు వృథా చేసుకొంటాడు. కనుక రైలు పటంతోపాటు వీధుల పటాన్ని కూడా దగ్గర ఉంచుకోవాలి. నగర బస్సులలో నగదు స్వీకరించరు. మన బ్యాంకు కార్డు విదేశాలలో చెల్లుతుందో లేదో బయలుదేరక ముందే విచారించుకోవాలి.

అక్కడి వాతావరణం చంచలం. ఎండ కాస్తుండగానే చినుకులు పడవచ్చు. అందుచేత గొడుగు వెంట ఉండాలి. జూన్‌లో రాత్రి తొమ్మిది గంటలకు కూడా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. మన కాలం గ్రీనిచ్ కాలం కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. వేసవిలో లండన్ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు కనుక అప్పుడు తేడా నాలుగున్నర గంటలే. ఇంటికి ఫోను చేసేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

లండన్ ప్రజల వరుస క్రమం యాత్రికులను ఆకర్షిస్తుంది. బస్సు కోసమైనా, టిక్కెట్టు కోసమైనా ఓపికగా నిలుచుంటారు. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడి, నడిచేవారికి ఎడమవైపు దారి విడుస్తారు. అతిథి కూడా ఈ మర్యాదను పాటించాలి.

1753లో స్థాపితమైన బ్రిటిష్ మ్యూజియంలో సాధారణ ప్రవేశం ఉచితం. అక్కడ తెలుగువారు తప్పక చూడవలసినవి అమరావతి శిల్పాలు. 1797లో కాలిన్ మెకెంజీ అమరావతి స్తూపాన్ని సందర్శించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలలో అనేకం మద్రాసు మీదుగా లండన్‌కు తరలిపోయాయి. 1880లో అవి ఆ మ్యూజియంకు చేరాయి. అక్కడి ఒక సున్నపురాతి పలకపై స్తూపం రూపమే చెక్కబడి ఉంది. శిథిలమైన స్తూపం ఒకప్పుడు ఎలా ఉండేదో ఆ పలక మనకు చెబుతుంది. మన కృష్ణాతీరపు శిల్పాన్ని థేమ్స్ తీరాన చూసినప్పుడు గర్వమూ, వేదనా ఒకేసారి కలుగుతాయి. తెలుగు నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ తన జీవిత చరమభాగాన్ని గడిపింది కూడా లండన్‌లోనే. 1884లో ఆయన అక్కడే మరణించారు. ఒకే నగరం మన సంపదను తీసుకొన్నది, మన భాషకు సేవ చేసినవానికి ఆశ్రయమిచ్చింది. ఈ రెండింటినీ గ్రహించినవాడే నిజమైన యాత్రికుడు.

కాబట్టి విద్యార్థులారా! లండన్ వెళ్ళే అవకాశం లభిస్తే, ముందుగా గుంటూరు సమీపంలోని అమరావతికి వెళ్ళిరండి. స్తూపం నిలిచిన నేలను చూడండి. స్వస్థలాన్ని ఎరిగినవానికే పరదేశం తన కథను పూర్తిగా వినిపిస్తుంది.

అర్థాలు
దేశాటనం = దేశాలు తిరగడం
చిరపరిచితం = చాలాకాలంగా తెలిసినది
చంచలం = నిలకడ లేనిది
చరమభాగం = చివరి భాగం

ప్రశ్నలు
1. లండన్ రైలు పటాన్ని ఉపయోగించేవారు ఏ జాగ్రత్త వహించాలి?
2. అమరావతి శిల్పాలు లండన్ చేరిన విధాన్ని వివరించండి.
3. లండన్ వెళ్ళేముందు అమరావతిని చూడాలని రచయిత ఎందుకు సూచించారు? మీ అభిప్రాయాన్ని తెలపండి.