ముందు నొప్పిలేని చెయ్యి పట్టుకో

రమ్యా,

మోచేయి, మణికట్టు నొప్పులతో వచ్చేవాళ్లను ఇంటర్న్‌షిప్‌లో నీకే అప్పగిస్తున్నారని రాశావు. పరీక్షల పేర్లన్నీ నోటికి వచ్చినా, మనిషి ఎదురుగా కూర్చుంటే ఏది ముందు చెయ్యాలో తోచడం లేదన్నావు. ఇన్నేళ్ల పనిలో నాకు పట్టుబడిన వరస చెబుతాను.

చెయ్యి ముట్టుకోకముందే కిందపడ్డారేమో అడుగు. అరచెయ్యి నేలకు ఆనించి పడ్డవాళ్లను బొటనవేలు పైకి చాపమంటే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉందంటే ఇక మెలితిప్పే పరీక్షలేవీ వద్దు. స్కాఫాయిడ్ ఎముక విరిగి ఉండొచ్చు. అది మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. అందుకే కట్టు వేసి, 10–14 రోజులకు మళ్లీ తీయిస్తారు. దెబ్బ తగిలిన మోచేయి పూర్తిగా చాపలేకపోయినా డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించాల్సిందే.

దెబ్బేమీ లేదంటే బాగున్న చేతితో మొదలుపెట్టు. ఆ మనిషికి మామూలు ఎంతో నీకు తెలుస్తుంది, నువ్వేం చెయ్యబోతున్నావో వాళ్లకూ తెలిసి బెదురు తగ్గుతుంది.

బట్టలు పిండలేకపోతున్నాం, బకెట్ ఎత్తలేకపోతున్నాం అంటూ మోచేయి బయటివైపు చూపించేవాళ్లకు కోజెన్ పరీక్ష చెయ్యి. నీ బొటనవేలు ఆ బయటి ఎముక మీద ఆనించు. అరచెయ్యి కిందికి ఉండేలా పిడికిలి బిగించి మణికట్టు పైకి లేపమని, నువ్వు కిందికి నొక్కు. సరిగ్గా నీ వేలి కిందే కలుక్కుమంటే టెన్నిస్ ఎల్బో కావచ్చు. మధ్యవేలు ఒక్కటే లేపమని నొక్కినప్పుడూ అదే చోట నొప్పి వస్తే అనుమానం బలపడుతుంది.

బిడ్డను ఎత్తుకునేటప్పుడు బొటనవేలి వైపు మణికట్టు లాగేస్తోందని బాలింతలు వస్తారు. బొటనవేలు పిడికిట్లో మూసి చిటికెనవేలి వైపు వంచే పరీక్షను చాలామంది ఫింకెల్‌స్టీన్ అంటారు. నిజానికి అది 1927లో ఐక్‌హాఫ్ చెప్పింది. 1930లో ఫింకెల్‌స్టీన్ రాసిన పద్ధతిలో పరీక్షించేవాళ్లే బొటనవేలు పట్టుకుని చేతిని అటు లాగుతారు. ఐక్‌హాఫ్ పద్ధతిలో ఏ జబ్బూ లేనివాళ్లకూ చురుక్కుమంటుంది. కావాలంటే నీ చేతికే చేసి చూసుకో. కాబట్టి మెల్లగా వంచు, రెండు చేతులూ పోల్చు.

తిమ్మిరి అంటే ఏ వేళ్లలోనో అడుగు. బొటన, చూపుడు, మధ్య వేళ్లయితే ఫాలెన్ పరీక్ష: మణికట్లు కిందికి వంచి, రెండు చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి 60 సెకన్లు ఉంచమను. గడియారం చూసి చేయించు, తొందరపడి ముందే వదిలెయ్యకు. రాత్రిళ్లు తిమ్మిరికి మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తున్నారేమో కూడా కనుక్కో. తిమ్మిరి చిటికెనవేలిలో ఉంటే మోచేతి లోపలివైపు నరం వెతుకు. మెడ కదలికలూ చూడు, మూలం అక్కడ ఉండొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, నొక్కితే ఎవరికైనా ఎంతో కొంత నొప్పి పుడుతుంది. అందుకని "నొప్పిగా ఉందా?" అని ఊరుకోకు. "మీరు చెప్పిన నొప్పి ఇదేనా?" అని అడుగు. కాదంటే ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోకు. ఒక్క పరీక్షతో జబ్బు పేరు ఖాయం చెయ్యకు. కేసు షీటులో "పాజిటివ్" అని వదిలెయ్యకుండా, ఏం చేస్తే ఎక్కడ నొప్పి వచ్చిందో రాయి. సాయంత్రం నీ సీనియర్ అది చదివి అదే చోట వేలు పెట్టగలగాలి.

ఆశీస్సులతో,
అత్తయ్య