పలకల పట్టణం చెప్పే పాఠం

శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామివారి సేవార్థమై మార్కాపురానికి విచ్చేసే యాత్రికులకు ఆ పట్టణం మరొక విధంగా కూడ పరిచితమే. అక్షరాభ్యాసం నాడు పెద్దలు మన ఒడిలో ఉంచిన నల్లని రాతిపలక, మనలో చాలామంది విషయంలో, ఆ సీమ నేలనుండి వచ్చినదే. స్వామి దర్శనం చేసుకొని తిరిగి వెళ్లేముందు ఆ పలకల కథను కూడ ఒకసారి ఆలకించడం మంచిది. ముఖ్యంగా, ఇంట ఎదిగిన కుమారుడో కుమార్తెయో ఉద్యోగం వద్దు, సొంతంగా ఏదైనా స్థాపిస్తామని పట్టుబడుతున్న గృహస్థులు తప్పక ఆలకించవలసిన కథ అది.

ఇట్టి ప్రయత్నాన్ని నేడు స్టార్టప్ అంటున్నారు. 2016 జనవరి 16న కేంద్రప్రభుత్వం స్టార్టప్ ఇండియా కార్యక్రమాన్ని ప్రారంభించిన తరువాత ఈ మాట పల్లెలకు కూడ చేరినది. మాట కొత్తదే గాని పని పాతది. పడమటి ప్రకాశంలో వర్షం తక్కువ, భూమి మెట్ట. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాకు ఒక మూలగా ఉండిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో సేద్యాన్ని మాత్రమే నమ్ముకొని బ్రతకడం దుర్లభమైనప్పుడు, కాలిక్రింది రాతినే సరుకుగా మార్చినవారు ఆనాటి స్థాపకులు.

ఆ రాయి సామాన్యమైనది కాదు. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ శిలాశ్రేణికి కంభం పేరే పెట్టినారు. నూరుకోట్ల సంవత్సరాలకు పూర్వం నీటి అడుగున చేరిన మెత్తని బురద, పైనుండి పడిన ఒత్తిడికి గట్టిపడి, పొరలు పొరలుగా విడిపోయే గుణం పొందినది. గనిలో తీసిన దిమ్మెను కోసి, ఉలితో పొరవెంబడి చీల్చి, నునుపు చేసి, చుట్టూ చెక్కచట్రం బిగించినచో పలక సిద్ధం. వినడానికి ఇంతే. కాని ఉలిని ఎక్కడ ఆనించవలెనో, దెబ్బ ఎంత బరువుగా పడవలెనో తెలియనివాని చేతిలో దిమ్మె ముక్కలవుతుంది.

ఈ వ్యాపారానికి ఒక్క సరుకే ఆధారం. ఆ సరుకుకు బడులు తెరిచే కాలమే అదను. కాగితపు పుస్తకాలు చవకగా దొరికి, తరువాత ప్లాస్టిక్ పలకలు కూడ వచ్చేసరికి రాతిపలకకు గిరాకీ క్షీణించినది. అప్పుడు పరిశ్రమ ఎదుట నిలిచిన ప్రశ్న నేటి యువస్థాపకుల ఎదుట కూడ నిలిచియున్నది: మన సొత్తు ఏది? పలకయే సొత్తు అనుకొన్నవానికి మూతవేయడం తప్ప గత్యంతరం లేదు. రాయి, దానిని పొరవెంబడి చీల్చగల చేతినేర్పు తన సొత్తు అనుకొన్నవాడు అదే రాతిని నేలకు పరిచే బండలుగా, గోడలకు తాపడం చేసే అలంకారశిలలుగా మలిచినాడు. మార్కాపురపు రాయి ఆ రూపంలో విదేశాలకు కూడ ఎగుమతి అయినది. మారడం సులభమని ఎవరూ అనుకొనరాదు. పలకను కొనే టోకువర్తకుడు వేరు, ఇల్లు కట్టించేవాడు వేరు. కొలతలు వేరు, రంగుల పట్టింపు వేరు, సొమ్ము చేతికందే గడువు కూడ వేరు. కనుక పాత సరుకు ఇంకా అమ్ముడుపోతున్న రోజులలోనే క్రొత్తదానిని కొద్దిపాటిగా చేసి చూడవలెను. గల్లాపెట్టె ఖాళీ అయిన తరువాత ప్రయోగాలు చేయడానికి ధైర్యం ఉండదు, అప్పు ఇచ్చేవాడూ ఉండడు.

ఇక నాయకత్వమనే విషయం. దీనిని గూర్చి పలకల చరిత్రలో వ్రాయడానికి కష్టమైన పుట ఒకటి ఉన్నది. 1987లో ప్రకటించిన జాతీయ బాలకార్మిక విధానం క్రింద తొలుత పని మొదలుపెట్టిన చోట్లలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మందసౌర్ బలపాల పరిశ్రమలతోబాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడ ఉన్నది. ఒక బిడ్డ అక్షరాలు దిద్దుకొనే పలకను బడికి వెళ్లని మరొక బిడ్డ తయారు చేసినది! సరస్వతీదేవి ఎదుట ఉంచే వస్తువు వెనుక ఇట్టి స్థితి ఉండడం ఎంత బాధాకరమో చెప్పనక్కరలేదు. దారిద్ర్యం, కరువు, అప్పు అందుకు కారణాలు; నిజమే. అయినను లెక్కలపుస్తకంలో కూలి తక్కువగా కనిపించినప్పుడు ఆ తగ్గుదలను ఎవరు భరిస్తున్నారని యజమాని అడిగి తెలుసుకొనవలెను.

రాతిధూళి విషయం కూడ అట్టిదే. రాతిని పొడిగా కోసినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది. వచ్చినది తిరిగి నయం కాదు, రాకుండ మాత్రం ఆపవచ్చును. రంపంమీద నీరు పారుతూ ఉండేటట్లు చేయడం, ధూళిని పీల్చే యంత్రం అమర్చడం, తగిన ముసుగు ఇవ్వడం లాభం వచ్చిన తరువాత చేసే దానధర్మాలు కావు, పెట్టుబడిలో మొదటి పద్దులు. కంప్యూటర్ల ముందు కూర్చొనే నేటి సంస్థలలో ధూళి లేకపోవచ్చు; నిద్రలేని రాత్రులు, ఆలస్యమైన జీతాలు ఉన్నవి. పనివానికి జీతం ఇచ్చిన తరువాతనే తాను తీసుకొనే యజమానిని కష్టకాలంలో మనుష్యులు విడిచి వెళ్లరు.

వృద్ధిని గూర్చి తెలిసికొనడానికి కంభం చెరువుకట్టపై నిలబడిన చాలును. శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడబడుచు అయిన వరదరాజమ్మవారు కట్టించినారని ప్రతీతి. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం వద్ద పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ ఇరుకుగా పారే చోట ఆ కట్ట వేసినారు. కట్ట ఎత్తు 57 అడుగులు. దానికి నీరు చేర్చే ప్రదేశం 430 చదరపు మైళ్లు. సాగయ్యేది సుమారు 10,300 ఎకరాలని పాత గెజిటీరులో ఉన్నది. చిన్న కట్టతో పెద్ద నీటిని నిలిపిన ఈ నిర్మాణాన్ని 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించినది. స్థలం ఎన్నుకొనడంలోనే సగం పని జరిగినదని దీనివలన తెలుస్తుంది. మరొక సంగతి: ఏ చెరువుకైనను తూములు, అలుగు ఉండవలెను. తూము లేని నీరు పొలానికి దక్కదు. అలుగు లేని కట్ట మొదటి పెద్దవానకే తెగుతుంది. ఆర్డర్లు వరదవలె వచ్చిన యేడు అప్పుచేసి యంత్రాలు కొని మరుసటి యేడు చితికిపోయిన సంస్థలు అలుగు లేని చెరువులే. తన శక్తికి మించిన ఆర్డరును వినయంగా కాదనడం కూడ నేర్చుకొనవలసిన విద్య.

ఓర్పు గూర్చి ఆ ప్రాంతంవారికి ఇతరులు చెప్పవలసినది లేదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. శ్రీశైలం జలాలను తెచ్చే రెండు సొరంగాలు, ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్లు, 2024 మార్చిలో అంకితమైనవి. నాటికి కూడ పునరావాసం మున్నగు పనులు మిగిలియుండెను. ఇరువదియెనిమిది సంవత్సరాలు ఎదురుచూచిన రైతు ఆ నీటిని లెక్కలో వేసుకొని విత్తనం చల్లలేదు. ఉన్న నీటికి తగిన పైరు వేసినాడు. క్రొత్త సంస్థవారు కూడ వస్తుందన్న సబ్సిడీని, పెట్టుబడిదారుడు ఇస్తానన్న సొమ్మును రాబడి పద్దులో వ్రాయరాదు. ఇంటి ఖర్చుకు, వ్యాపారానికి వేరువేరు బ్యాంకుఖాతాలు ఉండవలెను. భాగస్వాములు అన్నదమ్ములైనను ఒప్పందం కాగితంమీద ఉండవలెను. కాగితం అడిగితే ప్రేమ తరుగుతుందని మన ఇండ్లలో ఉన్న సంకోచం వలన తెగిన బంధుత్వాలు కొల్లలు.

సరుకు తీసుకొని సొమ్ము ఆలస్యం చేసే కొనుగోలుదారుని విషయంలో చట్టం సహాయంగా ఉన్నదని చాలామందికి తెలియదు. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్నతరహా సంస్థలకు వ్రాతపూర్వక ఒప్పందం లేనిచో 15 దినాలలో, ఉన్నచో ఎంత గడువు వ్రాసుకొన్నను 45 దినాలకు మించకుండ సొమ్ము చెల్లించవలెను. మించినచో రిజర్వుబ్యాంకు ప్రకటించిన బ్యాంకురేటుకు మూడురెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఈ రక్షణ కావలసినవారు సరుకు పంపకముందే ఉద్యమ్ నమోదు చేయించుకొనవలెను. అందుకు రుసుము లేదు. ఆధార్, పాన్ సంఖ్యలు చాలును.