ఆరడం, ఎండడం, ఆపైన డెసికేషన్

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మొన్న సైన్సు పుస్తకంలో ‘డెసికేషన్’ అనే మాట చూసి అర్థమడిగింది. “ఎండబెట్టడం” అని చెప్పి ఆఫీసుకు వెళ్లిపోయాను. ఆ జవాబు సగమేనని అదే రోజు మా ఖాతాదారు ఒకావిడ వల్ల తెలిసింది.

సూరత్‌లోని లింబాయత్‌లో తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. వానాకాలంలో మీఠీ ఖాడీ పొంగితే పల్లపు ఇళ్లలోకి నీళ్లొస్తాయి. అలా తడిసిన డిపాజిట్ రసీదు, ఊళ్లో పొలం తాలూకు పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని ఆవిడ వచ్చింది. రసీదుకైతే మేం డూప్లికేట్ ఇవ్వగలం. పాసుపుస్తకం పాడైతే ఊరికి వెళ్లి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి.

“ఎండ కాస్తోంది కదమ్మా, మేడ మీద ఎండబెట్టండి” అన్నాను.

“ఎండవెడితె పెళుసైతది సారూ. ఆరవెట్టాలె. గంజి వెట్టిన నూలు గూడ గంతే, మరీ ఎండితె పోగులు తెగుతయ్.”

నిజమే. బట్టలు ఆరతాయి, మిరపకాయలు ఎండుతాయి. ఆరడమంటే పైతడి పోవడం. ఎండడమంటే లోపలి తేమ కూడా పోవడం. డెసికేషన్ ఆ ఎండడానికి చివరి మెట్టు. తేమ దాదాపు మిగలకుండా లాగేయడం. శాస్త్ర పరిభాషలో శుష్కీకరణం అనవచ్చు. మన వంటింట్లో దానికి దగ్గరి బంధువులు వరుగులు, విరిస్తే ఫట్‌మనాలి.

మాట పుట్టుక కూడా చూడండి. లాటిన్‌లో ‘సిక్కుస్’ అంటే పొడి. డీహైడ్రేషన్‌లో ‘డీ’కి తీసేయడమని అర్థం. ఇక్కడి ‘డె’కి మాత్రం పూర్తిగా అని అర్థం. స్పెల్లింగులో ఎస్ ఒకటే, సి లు రెండు. పెద్దవాళ్లమూ తిరగేసి రాస్తుంటాం. ఎండదెబ్బ తగిలిన మనిషికి వచ్చేది డీహైడ్రేషన్. సెలవు చీటీలో డెసికేషన్ అని రాస్తే మేనేజరుగారు ఈజిప్టు మమ్మీని ఊహించుకుంటారు! బేకరీవాళ్లు వాడే పొడి కొబ్బరి కోరును మాత్రం డెసికేటెడ్ కోకోనట్ అనే అంటారు.

కొత్త చెప్పుల పెట్టెలో ‘తినకూడదు’ అని రాసి ఉండే చిన్న పొట్లం డెసికెంట్, అంటే తేమను లాగేది. అందులోని సిలికా జెల్ గింజల లోపలంతా సన్నని రంధ్రాలే. గాలిలోని తేమ ఆ రంధ్రాల గోడలకు అంటుకుంటుంది. దీన్నే అధిశోషణం అంటారు. పీల్చుకోవడం నిండాక వేడి చేస్తే తేమ వదిలి, మళ్లీ పనికొస్తుంది.

ఆవిడ పాసుపుస్తకం పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, తడిసినవి మారుస్తూ రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టింది. అంచులు వంకరపోయాయి గానీ అక్షరాలు నిలిచాయి. పూర్తిగా ఆరాక మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టుకోమని రెండు సిలికా జెల్ పొట్లాలు ఇచ్చాను. తడి కాగితం మీద వాటి ప్రతాపం చాలదు, ఆరిన కాగితానికి మళ్లీ చెమ్మ పట్టకుండా మాత్రం కాస్తాయి.

ఆ సాయంత్రం మా అమ్మాయి నోట్‌బుక్‌లో నా జవాబు కొట్టేసి, మూడు మాటలూ వరసగా రాయించాను.