తలనొప్పి ఎప్పుడు మామూలుది కాదు?



తలనొప్పి ఎరుగని ఇల్లు లేదు. నంద్యాలలో గది అద్దెకు తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదివే కుర్రవాడికి రాత్రంతా మేలుకుంటే తల నొస్తుంది. ఆళ్లగడ్డ పక్క పత్తి చేలో ఎండకు వంగి పనిచేసే తల్లికి సాయంత్రానికి కణతలు లాగుతాయి. ఇలాంటి నొప్పులు దాదాపు అన్నీ నిద్రతో, నీళ్లతో, కాస్త విశ్రాంతితో తగ్గిపోయేవే. మెదడులో గడ్డ వల్ల వచ్చే తలనొప్పి చాలా అరుదు. కనుక ఈ వారం పాఠం చదివి ఎవరూ బెదిరిపోవద్దు.

మరి ఆ అరుదైన నొప్పిని పోల్చుకోవడం ఎలా? నొప్పి ఎంత గట్టిగా ఉంది అని చాలామంది చూస్తారు. పార్శ్వపు నొప్పి ప్రాణం తోడేసినట్లుంటుంది, అయినా అది గడ్డ కాదు. గడ్డ నొప్పి మొదట్లో స్వల్పంగానే ఉండవచ్చు. కనుక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఇంతకు ముందు లేని కొత్త రకం నొప్పేనా? వారం వారం పెరుగుతోందా? దానితోపాటు మరో మార్పు కూడా వచ్చి చేరిందా? మూడింటికీ అవుననే జవాబు వస్తే ఇక ఇంట్లో కూర్చోకూడదు.

పుర్రె లోపల జరిగేది

పుర్రె గట్టి ఎముక పెట్టె. కడుపులాగా సాగదు. లోపల గడ్డ పెరిగినా, మెదడు చుట్టూ తిరిగే నీటికి దారి మూసుకున్నా, ఒత్తిడి పెరుగుతుంది. రాత్రి పడుకున్నప్పుడు ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది. అందుకే తెల్లవారి లేచేసరికి తల బరువెక్కి నొప్పి పుట్టడం, వాంతి అవడం, లేచి తిరిగిన కొంతసేపటికి తగ్గడం కనిపిస్తాయి. దగ్గినా, ముక్కినా, వంగినా నొప్పి పెరుగుతుంది. వంగి లేచినప్పుడు కొన్ని క్షణాలు కళ్లు మసకబారవచ్చు, ఒక్కోసారి ఒకటే వస్తువు రెండుగా కనబడవచ్చు.

ఇక మెదడులో ఒక్కొక్క భాగానిది ఒక్కొక్క పని. గడ్డ ఏ భాగంలో ఉంటే ఆ పని చెడుతుంది. మెదడు కుడి సగం శరీరపు ఎడమ వైపును నడుపుతుంది, ఎడమ సగం కుడి వైపును నడుపుతుంది. ఆళ్లగడ్డలో రాయి చెక్కే శిల్పి చేతిలో ఉలి రోజురోజుకూ పట్టు తప్పుతుంటే, అది వయసు వల్ల కాకపోవచ్చు. తెలిసిన మాట నోటికి రాకపోవడం, నడకలో తూలడం, ఒక్క చెవికే వినికిడి తగ్గి హోరు వినిపించడం కూడా గుర్తులే. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వస్తే పక్క చూపు తగ్గవచ్చు, ఆడవారికి నెలసరి ఆగిపోవచ్చు, చంటిబిడ్డ లేకపోయినా పాలు రావచ్చు. కొందరికి పెద్దవయసులో పాదాలు, వేళ్లు పెరిగి పాత చెప్పులు, ఉంగరాలు పట్టవు.

మూర్ఛ, స్వభావం

పెద్దవయసులో మొట్టమొదటిసారి మూర్ఛ వస్తే తప్పకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మూర్ఛ అంటే కిందపడి కొట్టుకోవడమే కాదు. బొటనవేలు కాసేపు అదిరి ఆ అదురు చేయి పైకి పాకడం, లేని వాసన వచ్చినట్లు అనిపించడం, పిలిచినా పలకక క్షణకాలం చూస్తూ ఉండిపోవడం కూడా మూర్ఛలోనివే. అయితే మూర్ఛ వచ్చిన ప్రతివారికీ గడ్డ ఉన్నట్లు కాదు. మన దేశంలో స్కానింగులో కనబడే మచ్చ క్షయ వల్లో, బద్దెపురుగు పిల్లల వల్లో కూడా ఏర్పడుతుంది. వాటిలో చాలావరకు మందులతో నయమయ్యేవే.

స్వభావంలో మార్పును పట్టుకోవడం మరీ కష్టం. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయన అక్క రూత్ ఎన్నో ఏళ్లు తలనొప్పులతో, మూర్ఛలతో బాధపడింది. 1928లో ఆమె మెదడు ముందుభాగంలోని గడ్డకు ఆయనే స్వయంగా ఆపరేషన్ చేశాడు. గడ్డ పూర్తిగా రాలేదు. కొన్నాళ్ల తరువాత ఆమె ఇంట్లో విందు ఏర్పాటు చేసింది. సరుకులన్నీ ముందున్నాయి, వంట తెలుసు, కానీ ఏది ముందు ఏది వెనుక అని పనిని వరుసలో పెట్టుకోలేకపోయింది. రూత్ 1931లో మరణించింది. ఆ విందు సంగతిని పెన్‌ఫీల్డ్ వైద్య వ్యాసంలో రాశాడు. మన ఇళ్లలో ఇలాంటి మార్పు వస్తే 'పొగరు', 'బద్ధకం', 'అత్తమీద కోపం' అంటాం. చురుకైన మనిషి కొన్ని నెలల్లో మందగిస్తే, ఆ నిందకు ముందు వైద్యుణ్ణి అడగాలి.

పసిపిల్లలు చెప్పలేరు

పిల్లల్లో జ్వరం, విరేచనాలు లేకుండా రోజూ పొద్దున్నే వాంతులవడం, మెడ ఒక పక్కకు వాల్చి ఉంచడం, నడక వచ్చిన బిడ్డ మళ్లీ తడబడటం, కొత్తగా మెల్లకన్ను రావడం, చంటిబిడ్డ తల వయసుకు మించి పెరగడం గమనించండి. బడి ఎగ్గొట్టడానికి వేషమని కొట్టకండి. ఇంగ్లండులో 2011లో ఈ గుర్తులను తల్లిదండ్రులకు, వైద్యులకు నేర్పే పెద్ద ప్రచారం మొదలైంది. ఆ తరువాత పిల్లల్లో జబ్బు బయటపడే సమయం బాగా తగ్గింది. తెలుసుకోవడమే సగం వైద్యం.

మనం చిక్కుకునే వల

తర్కశాస్త్రం ఒక తప్పును గురించి హెచ్చరిస్తుంది: ఒకదాని తరువాత వచ్చింది గనుక దానివల్లే వచ్చిందనుకోవడం. ఎండకు వెళ్లివచ్చాక తల నొచ్చింది కనుక ఎండదెబ్బ, శ్మశానం దాటి వచ్చాక మూర్ఛ వచ్చింది కనుక గాలి సోకింది అంటాం. కారణం దొరికిందని తృప్తిపడి వెతకడం మానేస్తాం. ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్లతో ఒక నెల, కొత్త కళ్లద్దాలతో మరో నెల, తాయెత్తుతో ఇంకో నెల గడిచిపోతాయి. రోజూ నొప్పి బిళ్లలు మింగితే వాటివల్లే కొత్త తలనొప్పి పుడుతుంది. ప్రార్థనకు తీసుకురండి, అభ్యంగనం కోరండి. కానీ స్కానింగు దానికోసం ఆగకూడదు.

ఏం చేయాలి?

ఒక నోటుపుస్తకంలో నొప్పి ఎప్పుడు వచ్చింది, వాంతి అయిందా, చూపు ఎలా ఉంది అని తేదీలతో రాయండి. కంటి వైద్యుని దగ్గర అద్దాల నంబరుతో ఆగవద్దు, కంటి నరం వాచిందేమో చూడమని అడగండి. నరం బాగున్నంత మాత్రాన గడ్డ లేదని కాదు. గుర్తులు ఉంటే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తీయించాలి. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్స విభాగం ఉంది. తిరుపతి స్విమ్స్, హైదరాబాదు నిమ్స్, బెంగుళూరు నిమ్‌హాన్స్ ఉన్నాయి. నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా పోయే రహదారి కడప, చిత్తూరు దాటి వేలూరు పక్కనున్న రాణిపేట చేరుతుంది. ఆ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే, పెన్‌ఫీల్డ్ సంస్థలో శిక్షణ పొందిన డాక్టర్ జేకబ్ చాండీ 1949లో దేశంలో మొదటి మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని నెలకొల్పారు. ఖర్చుకు భయపడి ఆగవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై 2024లో ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం గురించి ఆసుపత్రి కౌంటరులో అడగండి.

మూర్ఛ వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. తాళాలు, ఉల్లిపాయలు పనికిరావు. అయిదు నిమిషాలు దాటినా, వెంటనే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. హఠాత్తుగా పిడుగు పడినట్లు తలనొప్పి వచ్చినా, మగత కమ్మినా, కాలుచేయి పడిపోయినా అంతే.

గడ్డ అనగానే మరణమని కాదు. మెదడు పొరల్లో పుట్టే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరు కానివి, తీసివేస్తే ఏళ్ల తరబడి బతికేవారున్నారు. కానీ ఒత్తిడికి ఎక్కువకాలం నలిగిన కంటి నరం మళ్లీ చూపునివ్వకపోవచ్చు. అందుకే ఈ ఆదివారం భోజనాల దగ్గర ఇంట్లో ఒక్కొక్కరిని అడగండి: నీ తలనొప్పి ఎప్పటిది, పెరుగుతోందా, ఇంకేమైనా మారిందా అని.