కొండ మీద చెరువు - పల్లంలో చలి

ఎత్తుకు పోయేకొద్దీ చలి పెరుగుతుందని సైన్సులో చదివాం. కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది, కాబట్టి అక్కడ చలి. కానీ తెల్లవారుజామున ఈ లెక్క తిరగబడుతుంది.

దసరా సెలవుల ఆఖర్న మామతో కలిసి తాజంగి జలాశయానికి నడిచాను. డిసెంబరులో కార్లతో నిండిపోయే దారి, అప్పుడు ఒక్క మనిషి లేడు. వలిసెలు అప్పుడప్పుడే పూస్తున్నాయి. మామ ఇల్లు కట్టాలి. నీళ్ల దగ్గర పల్లంలోనా, పైన వాలు మీదనా తేలడం లేదు. ఇంట్లో అమ్మమ్మకి ఆయాసం.

పల్లంలోకి దిగేసరికి వణుకు పుట్టింది. నీళ్ల మీద పొగలు! చెయ్యి పెడితే మాత్రం నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. నేలనంటిన గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. చెరువు మెల్లగా చల్లారుతుంది. దాని ఆవిరి ఆ చల్లగాలి తగిలి సన్నని బిందువులౌతుంది. వేడి అంబలి మీద లేచేదీ అదే.

వాలు మీదకి ఎక్కితే, ఎండ రాకముందే చలి తగ్గింది. "ఇదేంట్రా అల్లుడూ?" అన్నాడు మామ. పుల్లతో నేల మీద గీసి చెప్పాను. పల్లంలో పొయ్యి పొగ కూడా త్వరగా పైకి పోదు, అమ్మమ్మకి అది ఇంకా కష్టం.

అత్త ఒప్పుకోలేదు. "నీళ్లు మొయ్యాల్సింది నేను కదా" అంది. అదీ నిజమే. సైన్సు సారు థర్మామీటరు ఇస్తే సంక్రాంతికి రెండు చోట్లా ఒకే పొద్దున కొలిచి రాస్తాను.