యుద్ధకాలపు లైకా అసలుదేనా?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళం వాడిన లైకా అంటూ ఆన్‌లైన్‌లో ఒక కెమెరా అమ్మకానికి పెట్టారు. పైన గద్ద ముద్ర ఉంది. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, కురబలకోట

జవాబు: తొందరపడకండి. నాకు ఆ ముద్ర మీదే అనుమానం. 1934 నుంచి ఖార్కివ్‌లో తయారైన ఫెడ్, 1948లో మొదలైన జోర్కీ లైకాను చూసి చేసిన సోవియట్ కెమెరాలు. వాటి పేరు చెరిపి, లైకా అని చెక్కి, గద్దను జోడించి అమ్మేస్తుంటారు. బంగారు పూత కూడా ఉంటే ఇక చూడనక్కర్లేదు.

లెన్స్ విప్పి లోపలి ఫొటో పంపమనండి. పైభాగాన లెన్స్ వెనక అంచును తాకే చిన్న మీట కనిపిస్తుంది. లైకాలో దాని కొసన గుండ్రంగా తిరిగే చిన్న చక్రం ఉంటుంది. ఫెడ్, జోర్కీల్లో చక్రం ఉండదు, ఏటవాలుగా అరగదీసిన లోహపు ముక్క ఉంటుంది. సీరియల్ నంబరును లైకా జాబితాలతో పోల్చండి, కానీ నంబరునూ చెక్కొచ్చు. ఆ లోపలి ఫొటో పంపనంటే మాత్రం రూపాయి కూడా కట్టకండి.